మీ ప్రశ్నలు, ఫిజియో జవాబులు: పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు ఆడే గేమ్ ఎలా ఉండాలి?

పోయిన నెల పార్కిన్సన్స్‌కి వ్యాయామం గురించి రాస్తూ చివర్లో "కొందరు వీడియో గేములతో కూడా చేయిస్తున్నారు" అని ఒక్క ముక్క రాశాను. వ్యాసమంతా వదిలేసి అందరూ ఆ ముక్కనే పట్టుకున్నారు! అందుకని ఈసారి మొత్తం గేముల మీదే. నాకు కోడింగ్ రాదు. తయారుచేసేవాళ్ల పక్కన కూర్చుని "ఇలా కాదు, ఇలా కూడా కాదు" అని వాళ్లని విసిగించడమే నా వాటా. ఆ చనువుతోనే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను మొబైల్ గేములు తయారుచేస్తాను. మా నాన్నగారికి ఆరేళ్లుగా పార్కిన్సన్స్. చెప్పిన ఎక్సర్‌సైజులు రెండు రోజులు చేసి మూడో రోజు మానేస్తారు. ఆయన కోసమే ఫోన్‌లో వేగంగా నొక్కే ఆట ఒకటి చేశాను, వేళ్లు చురుగ్గా అవుతాయని. రెండు నిమిషాలు ఆడి పక్కన పెట్టేశారు. నేనెక్కడ తప్పు చేశాను?

జవాబు: తప్పు మీ కోడ్‌లో లేదు బాబూ, మీరు ఆయన్ని అడిగిన కదలికలో ఉంది. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి టకటకా కొట్టమంటారు, చూసే ఉంటారు. పార్కిన్సన్స్‌లో ఏది దెబ్బతింటుందో కనిపెట్టడానికే ఆ పరీక్ష. మొదటి నాలుగైదు సార్లు వేళ్లు బాగానే విచ్చుకుంటాయి, ఆ తర్వాత ఒక్కోసారికీ ఇంకాస్త తగ్గుతూ చివరికి మధ్యలో ఆగిపోతాయి. మీరు ఆ పరీక్షనే గేమ్‌గా మార్చి ఆయన చేతిలో పెట్టారు. రెండు నిమిషాలు ఆడారంటే మీ మీద ప్రేమతోనే.

ఈ జబ్బులో కండరాల బలం పెద్దగా పోదు, పోయేది కదలిక కొలత. సబ్‌స్టాన్షియా నైగ్రా అని మెదడులో ఓ చిన్న భాగం ఉంది, అక్కడ కదలికల్ని నడిపించే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చనిపోతూ వస్తాయి, లక్షణాలు బయటపడే వేళకే సగమో ఇంకా ఎక్కువో పోయి ఉంటాయి. దాంతో చెయ్యి ఎంత చాచాలి, అడుగు ఎంత వెయ్యాలి అని లోపల వేసుకునే లెక్క తక్కువకి పడిపోతుంది. ఇందులో తిరకాసు ఏమిటంటే, నాన్నగారికి తను మామూలుగానే చాచినట్టు ఉంటుంది. రాత చిన్నదవడం, గొంతు తగ్గడం, అడుగు కుంచించుకుపోవడం అన్నీ ఆ ఒక్క తగ్గుదలే. ఎల్‌ఎస్‌వీటీ బిగ్ అనే ఫిజియో పద్ధతి మొత్తం దీని మీదే నడుస్తుంది: వారానికి 4 రోజుల చొప్పున 4 వారాలు, ప్రతి కదలికనీ అతిగా అనిపించేంత పెద్దగా చేయిస్తారు. మనిషికి అతి అనిపించిందే బయట చూసేవాళ్లకి మామూలుగా కనిపిస్తుంది.

కాబట్టి మీరు వేగం అడగడం మానేసి వెడల్పు అడగండి. ఒక ఉదాహరణ చెప్తాను: తెర మీద చీకటి గది, కిటికీకి రెండు కర్టెన్లు. చేతులు రెండూ ఎంత వెడల్పుగా చాస్తే అంత వెలుతురు లోపలికి వస్తుంది. టైమర్ లేదు, ఓడిపోవడమూ లేదు. మొదటి రోజు కెమెరాతో ఆయన చెయ్యి ఎంతవరకు వెళ్తుందో కొలుచుకుని గీత దానికి పిసరంత అవతల పెట్టండి. మరుసటి రోజు ఆ రోజు లెక్క. పక్కింటివాళ్ల స్కోరు, ప్రపంచ ర్యాంకులు, లీడర్‌బోర్డులు అవసరం లేదు, ఆయన పోటీ పడేది నిన్నటి ఆయనతోనే. ఆరో ఏడో సారికి చెయ్యి చాచే వెడల్పు తగ్గడం మొదలవుతుంది చూడండి, కెమెరాకి అది మనకంటే ముందే తెలుస్తుంది కదా, అప్పుడే "ఇంకా పెద్దగా" అని ఒక మాట వినిపించాలి. పూర్తిగా తగ్గిపోయి ఆగాక "మళ్లీ ప్రయత్నించండి" అంటే లాభం లేదు, ఆయనకి చిరాకు మాత్రం మిగులుతుంది.

ఇంకోటి, ఇది గేములవాళ్లు దాదాపు ఎవరూ ఆలోచించరు. మెదడులో డోపమైన్‌గా మారే లెవొడోపా మాత్ర వేసుకుని అది పనిచేస్తున్న వేళ ఆడే మనిషి, దాని ప్రభావం దిగిపోయాక ఆడే మనిషి ఒకరు కాదు. మొదట్లో మా టీమ్ ఈ సంగతి పట్టించుకోలేదు. పొద్దున నాలుగో లెవెల్ దాటిన పెద్దాయన సాయంత్రం మొదటి లెవెల్‌లోనే ఇరుక్కుపోయి "నా జబ్బు ఒక్క రోజులో ఇంత ముదిరిందా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. గేమ్ తెరవగానే "మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?" అని ఒక్క ప్రశ్న వేసి, ఆ జవాబుని బట్టి లెవెల్ ఇచ్చి, రెండు వేళలకీ వేర్వేరు గ్రాఫులు ఉంచితే ఆ బాధ తప్పేది. మందు వేళకి సంబంధించి ఇంకో సంగతి 2004లో బయటపడింది. మందు లేని వేళ పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు తప్పుల నుంచి ఎక్కువ నేర్చుకుంటారట, మందు పనిచేస్తున్న వేళ మెచ్చుకోలు నుంచి ఎక్కువట. అందుకే నేను మందు వేళే ఆడించమంటాను, తప్పులకి ఎర్రగుర్తు వెయ్యకుండా ఒప్పులకి వెలుతురు పెంచమంటాను.

మూడో రోజు మానేస్తున్నారని రాశారు. దాన్ని బద్ధకం అనుకోకండి. ఏ పని మీదా ఉత్సాహం పుట్టకపోవడం కూడా ఈ జబ్బు లక్షణమే, గేమ్ పనికొచ్చేది సరిగ్గా అక్కడ. అయితే "గేమ్ ఆడితే డోపమైన్ వస్తుంది, పార్కిన్సన్స్ తగ్గుతుంది" అని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. వాళ్లు చూపించేది 1998లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన. గేమ్ ఆడుతున్నప్పుడు మెదడులో డోపమైన్ విడుదలవడం స్కాన్‌లో కనిపించిన మాట నిజమే, కానీ ఆ స్కాన్ తీసింది ఆరోగ్యంగా ఉన్న ఎనిమిది మంది మగవాళ్లకి. డోపమైన్ తయారుచేసే కణాలే పోయిన చోట ఆ లెక్క అలాగే సరిపోతుందని ఎలా అంటాం?

ప్రశ్న: మా వారికి 68 ఏళ్లు. మా అబ్బాయి తను చిన్నప్పుడు ఆడుకున్న గేమింగ్ సెట్టు, మీద నిలబడే బ్యాలెన్స్ బోర్డుతో సహా తెచ్చిపెట్టాడు. కొన్ని ఆటలు ఈయన ఇష్టంగానే ఆడతారు, కొన్నింటికి మాత్రం విసుక్కుని దిగిపోతారు. ఓడిపోయారని వస్తే ఆ పూటంతా ముభావంగా ఉంటారు. దీనివల్ల నిజంగా ఉపయోగం ఉందా అండీ, లేక ఉత్త కాలక్షేపమా?

జవాబు: ఉపయోగం ఉందమ్మా, కానీ ఆటని బట్టి. నింటెండో వీ అనే గేమింగ్ సెట్టు 2006లో వచ్చింది, దాని బ్యాలెన్స్ బోర్డు 2007లో, చేతిలో ఏమీ పట్టుకోకుండానే ఒంటి కదలికని చదివే కినెక్ట్ 2010లో. మూడూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం చేసినవే, ఫిజియోలు వాటిని తమ పనికి వాడుకున్నారు. 2012లో ఆ బోర్డు ఆటలు పదింటిని పార్కిన్సన్స్ మొదటి దశల్లో ఉన్న 16 మందితో ఆడించి చూశారు. ఏడు ఆటల్ని వాళ్లు అదే వయసున్న ఆరోగ్యవంతులతో సమానంగా నేర్చుకున్నారు, మూడింట్లో వెనకబడ్డారు. ఆ మూడూ ఆలోచనకి ఎక్కువ పని పెట్టే ఆటలు. మీవారు విసుక్కునేవి కూడా ఆ జాతివే అయ్యుంటాయి. వాటిని పక్కన పెట్టేసి నిదానంగా ఇటు అటు బరువు మార్చే ఆటలు ఉంచండి.

మొత్తం మీద లెక్క ఏమిటంటారా? కాక్రేన్ సంస్థ 2016లో అప్పటిదాకా వచ్చిన ఎనిమిది ట్రయల్స్‌ని, అంటే 263 మందిని, కలిపి చూసింది. అడుగు పొడవు ఓ మోస్తరుగా మెరుగైంది. నడక, బ్యాలెన్స్, జీవన నాణ్యతల్లో మామూలు ఫిజియోకి గేములకి పెద్ద తేడా కనపడలేదు, పైగా ఆ ఆధారాల నాణ్యత తక్కువని వాళ్లే రాశారు. సమానమేనా అని నిట్టూర్చకండి, నాకైతే ఇది మంచి వార్తే, ఎందుకంటే మానేసిన ఫిజియో కంటే రోజూ ఆడే గేమ్ ఎంతో నయం.

ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో చేసింది ఒకటుంది, 2019లో వచ్చింది, నాకు బాగా నచ్చినది అదే. 130 మందిలో సగం మందికి ఇంట్లోనే గేమ్ జోడించిన సైకిల్ ఇచ్చారు, వారానికి మూడుసార్లు, 30 నుంచి 45 నిమిషాలు. మిగతా సగం మందితో ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయించారు. ఆరు నెలలయ్యాక మాత్ర ప్రభావం లేని వేళ పరీక్ష చేస్తే కదలికల స్కోరులో సైకిల్ వాళ్లకి 4.2 పాయింట్ల మేలు కనిపించింది. మేలు చేసింది ఆయాసం వచ్చేలా సైకిల్ తొక్కడం, వాళ్లని ఆరు నెలలు దాని మీద కూర్చోబెట్టడమే గేమ్ పని అని నేననుకుంటాను. గేమ్‌కి అంతకంటే గొప్ప ఉద్యోగం ఏం కావాలి!

పడిపోవడం గురించి భయముంటే ఇది కూడా వినండి. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్ ఒకటి, ఐదు దేశాల్లో 302 మంది పెద్దవాళ్ల మీద చేసింది. అందరికీ పార్కిన్సన్స్ లేదు కానీ చాలామందికి ఉంది. కొందరు ఉత్త ట్రెడ్‌మిల్ మీద నడిచారు, కొందరు ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ ఎదురుగా తెరలో వచ్చే అడ్డంకులు దాటారు. తెర చూస్తూ నడిచినవాళ్లు ఆరు నెలల్లో పడిపోయే సంఖ్య సగటున 11.9 నుంచి 6.0కి తగ్గింది, ఉత్త ట్రెడ్‌మిల్ వాళ్లది 10.7 నుంచి 8.3కే. నడుస్తూనే ఆలోచించడం, దారి చూసుకోవడం, కాలు ఎత్తడం అన్నీ కలిపి సాధన చేశారు కాబట్టి ఆ తేడా. బయట మనిషి పడిపోయేది కూడా అలా నాలుగూ ఒకేసారి మీద పడ్డప్పుడే కదా.

మీరు చేయాల్సినవి చెప్తాను. బోర్డు ముందు గట్టి కుర్చీ, వీపు భాగం ఆయన వైపు ఉండేలా, పట్టుకోవడానికి. వెనక ఇంకో కుర్చీ. కింద చాప, వైర్లు ఏవీ ఉండకూడదు. పడుకుని లేచిన వెంటనే ఎక్కించొద్దు, ఈ జబ్బులో లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం మామూలే. ఒంటరిగా అసలు ఆడనివ్వద్దు. స్కోరు సంగతికి నా దగ్గర చవకైన చిట్కా ఒకటుంది, నవ్వకండి: తెర మీద స్కోరు వచ్చే మూల ఒక కాగితం ముక్క అతికించేయండి. ఆయన వంతయ్యాక మీరెక్కండి, మీరు ఓడిపోయి చూపించండి.

ప్రశ్న: డిజైన్ చదువుతున్నాను, ప్రాజెక్టుకి పార్కిన్సన్స్ గేమ్ తీసుకున్నాను. చెయ్యి వణుకుతుంది కాబట్టి కర్సర్ కదలకుండా ఫిల్టర్ పెట్టాను, బటన్ మీద రెండు సెకన్లు చెయ్యి నిలిపితే ఎంపిక అయ్యేలా చేశాను. పరీక్షించినప్పుడు ఎవరూ బటన్ నొక్కలేకపోయారు. ఫిల్టర్ ఇంకా పెంచాలా?

జవాబు: తగ్గించండి. పార్కిన్సన్స్ వణుకు విశ్రాంతిలో వచ్చే వణుకు, సెకనుకి 4 నుంచి 6 సార్లు. చెయ్యి పని మీద కదిలితే చాలామందికి అది తగ్గుతుంది, చెయ్యి గాలిలో ఒక భంగిమలో నిలబడగానే కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. మీరేమో సరిగ్గా వణుకు వచ్చే పనే చేయించి, ఆ వణుకుని ఫిల్టర్‌తో తుడవాలని చూస్తున్నారు. ఫిల్టర్ పెంచేకొద్దీ చేతికీ తెరకీ మధ్య ఆలస్యం పెరుగుతుంది. అసలే నిదానమైన మనిషి, తెర ఇంకా నిదానంగా కదిలితే చెయ్యి అందలేదనుకుని మరింత తోస్తాడు, కర్సర్ అవతలికి పోతుంది. నిలిపి ఎంచుకోవడం తీసేయండి, గీత దాటితే ఎంపిక అయినట్టు పెట్టండి. అరచేతితో తలుపు తోసినట్టు అనుకోండి, పెద్ద లక్ష్యం, పెద్ద ఊపు, అయిపోయింది.

వణుకుతో పాటు ఇంకో కదలిక ఉంది, డిస్కైనీసియా అంటారు. ఏళ్ల తరబడి మాత్రలు వాడినవాళ్లకి, మందు బాగా పనిచేస్తున్న వేళ ఒళ్లు మెలికలు తిరిగినట్టు దానంతటది ఊగుతుంది. మీ సెన్సార్ దాన్ని ఆట అనుకుని పాయింట్లు ఇచ్చేస్తుంది. ఆయన కావాలని చేసిన కదలికకి పాయింట్లు రాక, చేయనిదానికి వస్తే ఎంత అవమానంగా ఉంటుందో ఊహించండి. రంగులు కూడా చూసుకోండి, ఈ జబ్బులో లేత తేడాలు కంటికి ఆనవు. బూడిద రంగు మీద తెల్ల అక్షరాలు మీకు అందంగా ఉంటాయేమో, వాళ్లకి అది ఖాళీ తెరే.

మీరు అడగలేదు కానీ నడక ఆట చేస్తే కాళ్లు అతుక్కుపోవడం గురించి తెలిసుండాలి. నడుస్తున్న మనిషి గుమ్మం దగ్గరో, మలుపు తిరిగేటప్పుడో, ఎవరైనా పలకరిస్తేనో నేలకి జిగురు పెట్టినట్టు ఆగిపోతాడు. అదే మనిషి నేల మీద అడ్డగీతలు గీస్తే వాటిని దాటుకుంటూ చకచకా పోతాడు, 1967లోనే దీన్ని రాసిపెట్టారు. లోపలి నుంచి రావాల్సిన ఆజ్ఞ రాకపోతే కన్ను, చెవి ఇచ్చే సూచనతో మెదడు వేరే దారిలో పని కానిస్తుంది. గేమ్ చేయగలిగిన గొప్ప పని ఇదే: తెర మీద గీతలు, చెవిలో తాళం, అంటే బీట్. మనిషి మామూలు నడక లయ కొలిచి దానికి 5 నుంచి 10 శాతం పెంచి బీట్ వినిపించడం పాత పద్ధతే. కానీ గీతలు ఎప్పటికీ ఉంచితే ఆయన మీ తెర ముందు మాత్రమే నడుస్తాడు. రెండో వారానికి ఒక గీత మాయం చేయండి, తర్వాత రెండు, ఆ ఖాళీలో ఆయన తనే గీత ఊహించుకోవాలి. గీతలు పెట్టడం కంటే తీయడమే అసలు డిజైన్. గుమ్మాలు, మలుపులు ఉన్న లెవెల్ మాత్రం పక్కన మనిషి ఉన్నప్పుడే తెరుచుకోవాలి.

ప్రశ్న: మా అమ్మకి పార్కిన్సన్స్. ఫోన్‌లో చక్రం తిప్పి బహుమతులు గెలిచే ఆట ఒకటి రాత్రంతా ఆడుతోంది, ఈమధ్య డబ్బు కూడా పెడుతోంది. చేతికి ఎక్సర్‌సైజే కదా అని ఊరుకోమంటారా?

జవాబు: ఊరుకోవద్దు, ఈ వారమే డాక్టరుకి చెప్పండి. మెదడులో డోపమైన్‌లా పనిచేసే డోపమైన్ అగోనిస్టులనే రకం మందులతో కొందరికి జూదం, కొనుగోళ్లు, తిండి లాంటివాటి మీద ఆపుకోలేని తపన వస్తుంది. 2010లో 3090 మంది పార్కిన్సన్స్ రోగుల్ని పరిశీలిస్తే 13.6 శాతం మందిలో ఇలాంటిది కనిపించింది, ఆ మందులు వాడేవాళ్లలో 17.1 శాతం, వాడనివాళ్లలో 6.9. ఇది మీ అమ్మగారి గుణం కాదు, ఆవిడ మీద అరవకండి. మాత్రలు మీ అంతట మీరు ఆపేయడం ఇంకా ప్రమాదం, ఎంత తగ్గించాలో ఏది మార్చాలో డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా ఫోన్ నుంచి డబ్బు చెల్లించే దారి మూసేయండి.

పై ఇద్దరు డిజైనర్లు కూడా ఇది చదవాలి. అనుకోని బహుమతి పెట్టె, తిరిగే చక్రం, "వరుసగా 30 రోజులు ఆడితే బోనస్", ఇవన్నీ మామూలు గేముల్లో మీకు అలవాటైన మసాలాలు. ఈ గేములో వద్దు. ఇరవై నిమిషాలకి గేమే "ఇవాళ్టికి చాలు" అని మూసుకోవాలి.

ప్రశ్న: కళ్లకి పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ కొనాలా?

జవాబు: తొందరేం లేదు. అది పెట్టుకుంటే కాళ్లు, నేల కనపడవు, కొందరికి వికారం వస్తుంది, బ్యాలెన్స్ అసలే అంతంతమాత్రం. ఎప్పుడైనా వాడితే చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, కొద్ది నిమిషాలే. మామూలు టీవీ, ఒక కెమెరా చాలు.

ప్రశ్న: ఇవన్నీ ఆడితే జబ్బు ముదరకుండా ఆగుతుందా?

జవాబు: కణాలు చనిపోవడాన్ని ఆపుతుందని రుజువైన మందే ఇంకా లేదు, గేమ్‌కి ఆ మాట ఎలా ఇస్తాం. ఉన్న కదలికని వాడుకలో ఉంచడం వరకే.

ప్రశ్న: మా అత్తగారు మాట్లాడితే పక్కనున్నవాళ్లకి కూడా వినపడటం లేదు. అడిగితే "నేను గట్టిగానే మాట్లాడుతున్నా, మీకే చెవుడు" అంటారు. గొంతుకి కూడా గేములుంటాయా?

జవాబు: ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, లోపల నిజంగానే గట్టిగా వినిపిస్తుంది, మొదటి జవాబులో రాసిన కొలత సమస్యే ఇదీ. గొంతు గట్టిదనాన్ని బట్టి తెర మీద బుడగ పైకి లేచే ఆటలు చేయడం కష్టం కాదు, ఫోన్ మైకు సరిపోతుంది. "ఆ" అని ఊపిరున్నంతసేపు పలకడం, ఆపైన రోజూ వాడే పది మాటలు. ఫోన్ ప్రతిసారీ నోటికి ఒకే దూరంలో ఉండాలి, లేదంటే దగ్గరికి వంగి గెలిచేస్తారు, మా దగ్గర ఒకావిడ వారం రోజులు అలాగే గెలిచారు! గొంతు నలిపేలా అరవనివ్వద్దు, వీలైతే ముందు స్పీచ్ థెరపిస్టుకి ఒకసారి చూపించండి. ఆట అయ్యాక అదే గొంతుతో పక్క గదిలోంచి మిమ్మల్ని పేరు పెట్టి పిలవమనండి, మీకు వినపడి మీరు పలికితేనే ఆ లెవెల్ అయినట్టు.